కిటికీ దగ్గర తిట్టేవాళ్లు

కరోనా తర్వాత మైదానాలు మళ్లీ తెరిచిన ఏడాది, ఆగస్టు నెల మొదట్లో జిల్లా ఫుట్‌బాల్ సంఘం నుంచి నాకు ఒక ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను జమ్మలమడుగులో ఒక జూనియర్ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పదవీ విరమణ దగ్గరపడింది. జిల్లా ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రొద్దుటూరు జట్టుకు మేనేజర్‌గా వెళ్లమనీ, సీజను ముగిశాక ఆ జట్టు కోచ్‌ను కొనసాగించాలో వద్దో నివేదిక ఇమ్మనీ ఆ ఉత్తర్వు సారాంశం.

మేనేజర్ అనే మాట గురించి ముందే చెప్పాలి. ఫోన్లలో విదేశాల ఫుట్‌బాల్ చూసే కుర్రవాళ్లకు మేనేజర్ అంటే జట్టు తలరాత రాసే మనిషి. మన దగ్గర ఆ పని కోచ్‌ది. మన మేనేజర్ పని ఆటగాళ్ల గుర్తింపు కార్డులు రిఫరీకి చూపించడం, రెండు జట్ల చొక్కాల రంగు కలవకుండా చూసుకోవడం, ఆటగాణ్ణి మార్చాల్సి వస్తే ఆ చీటీ నాలుగో రిఫరీకి అందించడం, మంచినీళ్లు, మందుల పెట్టె, బస్సు, భోజనాలు. ఎవరు ఎక్కడ ఆడాలన్న సంగతి మేనేజర్ నోట రాకూడదు. ఉద్యోగమంతా నిబంధనల పుస్తకం చేతబట్టుకుని చేసినవాణ్ణి. నోరు మూసుకుని చూడటం నాకు కష్టమేమీ కాదనుకున్నాను.

కోచ్ పేరు ఓబులేసు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో పనిచేసేవాడు. పొద్దంతా గుడ్డ కొలిచి, సాయంత్రం హైస్కూలు మైదానంలో పిల్లలకు ఆట నేర్పేవాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. ఆ జట్టు తప్ప ఆయనకు వేరే లోకం లేదని మొదటి రోజే అర్థమైంది. ఒకప్పుడు ఆయన జట్టంటే జిల్లా మొత్తానికి దడ. తక్కువ పిల్లలతో, చిరిగిన బూట్లతో కప్పులు తెచ్చాడని అందరూ చెప్పారు. అలాంటి జట్టు ఆ సీజను మొదలైనప్పటి నుంచి వరసగా ఓడిపోతోంది. సంఘం వాళ్లు లైసెన్సు ఉన్న కుర్ర కోచ్‌ను ఒకణ్ణి చూసి పెట్టుకున్నారు. నా నివేదిక వ్యతిరేకంగా వస్తే ఓబులేసు ఇంటికే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నేను చూసిన మొదటి మ్యాచ్ ప్రొద్దుటూరులోనే. మా దగ్గర డ్రెస్సింగ్ రూమ్ అంటే పాఠశాలలో ఒక తరగతి గది. బెంచీలు ఒక పక్కకు జరిపి, నల్లబల్ల మీద చుక్కలు పెట్టి ఆట చెబుతారు. విరామంలో అలాంటి గదుల్లోకి ఊరంతా దూరడం నేను జిల్లా అంతటా చూశాను. మామలు, బావలు, పాత ఆటగాళ్లు, చొక్కాలు కుట్టించిన దాతలు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఉపన్యాసాలు దంచుతారు. ఇక్కడ మాత్రం వసారా మెట్ల దగ్గర ఒక యాభై ఏళ్ల మనిషి కర్ర పట్టుకుని నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. కిటికీలు కూడా మూసేశారు. ఆయన పేరు మౌలా. మోటారు మెకానిక్కు, ఒకప్పుడు ఇదే జట్టుకు గోల్‌కీపరు. నాకు చాలా సంతోషమేసింది. నా ఉద్యోగ జీవితంలో ఇంత క్రమశిక్షణ గల అభిమానులను చూడలేదని ఆయనతోనే అన్నాను. మౌలా ఛాతీ విరుచుకున్నాడు.

లోపల మాత్రం పరిస్థితి వేరుగా ఉంది. ఓబులేసు నల్లబల్ల ముందు నిలబడి నిదానంగా, గొంతు తగ్గించి, వెనుక లైను ఎక్కడ తెగుతోందో చెప్పాడు. చెప్పిందంతా సరైనదే. అదే లైను తెగడం నేనూ చూశాను. పిల్లలు తలలు వంచుకుని విన్నారు. ఒక్కడు కూడా ఎదురు చెప్పలేదు. బయటికి వెళ్లి మళ్లీ అదే తప్పు చేసి ఇంకో గోలు ఇచ్చారు.

ఆట అయ్యాక మైదానం గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. మెకానిక్ మౌలా, సెల్‌ఫోన్ల అంగడి చెన్నకేశవ, ఇంకొందరు అక్కడ చేరి ఓబులేసు గురించి వాదించుకుంటున్నారు. చెన్నకేశవ కుర్రవాడు, రాత్రుళ్లు విదేశాల మ్యాచులు చూసి పగలు ఆవులిస్తూ ఫోన్లు అమ్మేవాడు.

"ఆయప్ప అయిపోయినాడు మామా. ఆ కాలం ఆట వేరు, ఈ కాలం ఆట వేరు. డ్రెస్సింగ్ రూమ్ ఆయప్ప చేతిలో లేదు. మోరేల్, అదే పిల్లోళ్ల ధైర్యం, పూర్తిగా పడిపోయింది," అని చెన్నకేశవ అన్నాడు.

"మోరేల్ పడిపోతే ఎత్తల్ల గదప్పా. ఎవురెత్తల్ల?" అని మౌలా అడిగాడు.

"ఎవురూ ఎత్తకూడదు. గమ్మునుండల్ల. ఆ దేశాల్లో క్లబ్బు ఓనరు గూడ లోపలికి పోడు, తెలుసా నీకు?"

"అందుకే గదరా కర్ర పట్టుకోని నిలబడింది!"

వాళ్లు మాట్లాడుతున్న తీరు వింటే నాకు ఒకటి వింతగా తోచింది. ఆయప్ప బాగుండె, ఆయప్ప బాగా ఆడిస్తాండె అంటున్నారు. ఇంకా పదవిలో ఉన్న మనిషిని అప్పుడే మాజీని చేసేశారు. అదే సమయంలో ఓబులేసు సైకిల్ మీద గేటు దాటుతుంటే అందరూ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆయన ఒక చేత్తో బదులిచ్చి, తల తిప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి వారాల్లో నేను నా పద్ధతిలో విచారించాను. మా వృత్తిలో ఒక జట్టు పడిపోతుంటే చూడవలసినవి కొన్ని ఉంటాయి. సాధనకు వస్తున్నారా, దమ్ము ఉందా, గాయాలు దాస్తున్నారా, జట్టులో ముఠాలున్నాయా, కోచ్ మాటకు విలువ ఉందా. సాధనకు అందరూ వస్తున్నారు. పరిగెత్తించి చూశాను, దమ్ముంది. ఊరి పిల్లలకూ చుట్టుపక్కల పల్లెల పిల్లలకూ పడదేమోనని కనిపెట్టి చూశాను. ఒకే పొట్లంలోని మిరపకాయ బజ్జీలు పంచుకు తింటున్నారు. ఒక్కొక్కణ్ణి పక్కకు పిలిచి అడిగితే అందరిదీ ఒకే జవాబు, "సార్ మంచోడు సార్." కెప్టెన్ నాగేంద్ర వెనుక లైనులో ఆడే పొడగరి. వాణ్ణి గట్టిగా నిలదీస్తే కాసేపు గోళ్లు కొరుక్కుని, "ఏమో సార్, ఎవురి కోసం ఆడ్తాండామో తెలీడంలే," అన్నాడు. నీ కోసం ఆడు, మీ ఊరి కోసం ఆడు అని నేను అన్నాను. వాడు తల ఊపాడు. ఆ మాట వాడికి ఎక్కలేదు, వాడి మాట నాకూ ఎక్కలేదు.

నాకు చిరాకు మొదలైంది. ఏ జబ్బూ లేకుండా మనిషి మంచం పడితే వైద్యుడికి ఎలా ఉంటుందో అలా ఉంది నా పని.

జమ్మలమడుగు మ్యాచ్ నాడు ఇంకో చిక్కు వచ్చి పడింది. ఆదివారం. గండికోటకు పోయే జనంతో బస్సులు కిటకిటలాడి, మా వెంట రావలసిన ప్రొద్దుటూరు అభిమానులు సగం దారిలోనే ఉండిపోయారు. మౌలా కూడా రాలేదు, వసారాలో కాపలా లేదు. మాకిచ్చిన గదిలో ఒక కిటికీకి రెక్కే లేదు. విరామానికి మేము ఒక గోలు వెనకబడి ఉన్నాం. ఓబులేసు ఎప్పటిలాగే నల్లబల్ల ముందు నిదానంగా మొదలుపెట్టాడు. ఇంతలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన ఆ కిటికీ ఊచల మధ్య మొహం పెట్టాడు. ఎవరో నాకు తెలియదు, మా పిల్లలకూ తెలియదు.

"ఒరే పొడుగోడా! తిన్న సంగటంతా యాడికి పోతాండాదిరా నీకు? మా గొర్రెను తెచ్చి ఆడ నిలబెట్టినా నీకన్నా బాగ అడ్డం పడ్తాది!"

నేను నిబంధన ప్రకారం ఆయన్ను పంపించడానికి లేచాను. నాకన్నా ముందు ఓబులేసు లేచాడు. ఆ మనిషికి అంత గొంతు ఉందని నేను అనుకోలేదు.

"ఎవురప్పా నువ్వు? నా పిల్లోన్ని అనేదానికి నువ్వెవురు? వాడు పొద్దన్నుంచి మడమ నొప్పితో ఆడ్తాండాడు, తెలుసా నీకు? దిగు గ్రౌండులోకి, నువ్వు ఆడి చూపి! పో, పోయి నీ గొర్రెల్ని చూసుకో!"

చేతిలోని సుద్దముక్క విసిరాడు. అది ఊచకు తగిలి ముక్కలైంది. పెద్దాయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. గదిలోకి తిరిగి చూస్తే పిల్లల వెన్నులు నిటారుగా అయ్యాయి. నాగేంద్ర మొహం ఎర్రబడింది. ఆ తర్వాత ఓబులేసు ఆట గురించి రెండే మాటలు చెప్పాడు. రెండో సగంలో నాగేంద్ర పక్కగా ఒక్క బంతి పోలేదు. మేము గోలు చేసి మ్యాచ్ సమం చేశాం. మడమ నొప్పి సంగతి మేనేజర్నైన నాకు తెలియదు. అడిగితే, నొప్పేమీ లేదని నాగేంద్ర చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఓబులేసు పక్కన కూర్చున్నాను. ఈ రోజు పిల్లలు బాగా ఆడటానికి కారణమేమిటని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ తనకు తెలియదన్నాడు. మళ్లీ తనే మొదలుపెట్టాడు.

"నాకు అర్థం కాల్యా సార్. ఏందో తప్పు చేసినా నేను. ఏం తప్పో ఒక్కడూ చెప్పడు. మౌలా ఉండాడు గదా, ఆయప్ప మునుపు నాతో రోజూ కొట్లాడేవాడు. గొంతు పట్టుకునేదాకా పోయేది. ఇప్పుడు నమస్తే పెడ్తాండాడు. మన ఊర్లో నమస్తే పెడ్తాండారంటే మనం అయిపోయినట్లే గదా సార్."

నాకు చాలా బాధగా అనిపించింది. మంచినీళ్ల సీసా అందించాను.

మర్నాడు మెకానిక్ షెడ్డుకు వెళ్లి మౌలాను అడిగాను. ఓబులేసుతో కొట్లాట ఎందుకు మానేశావన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ చెప్పింది విన్నాక, అన్నాళ్ల నా విచారణ మీద నాకే నవ్వొచ్చింది.

"మునుపు ఆ కిటికీలకాడ మేమే ఉంటాంటిమి సార్. ఓడిపోతాంటే పిల్లోళ్లను ఎట్ల తిడ్తాంటిమో చెప్పేదానికి లేదు. ఆయప్ప మా మీదికి లేస్తాండె. డస్టర్ గూడ ఇసిరినాడు ఒకసారి. ఇదో, ఈడ తగిలింది." కనుబొమ్మ మీద మచ్చను మెడల్ చూపించినట్లు చూపించాడు. "మా చెన్నకేశవ చెప్పినాక తెలిసింది సార్, మోరేల్ పోగొడ్తాండేది మేమేనని. సీజను మొదలు కాకముందే అందరం ఒట్టు పెట్టుకుంటిమి. ఇంక కిటికీ కాడికి పోకూడదు, ఆయప్పతో కొట్లాడకూడదు, మర్యాదగా ఉండల్ల అని."

జట్టు ఓడిపోవడం మొదలైంది కూడా ఆ సీజను నుంచే కదా అన్నాను. మౌలా ఒప్పుకున్నాడు. "అందుకే సార్, కర్ర తెచ్చింది. ఓడిపోయేకొద్దీ ఇంకా గట్టిగా కాపలా కాస్తాండాం," అన్నాడు.

నాకు తోచింది ఇది. ఓబులేసు తన పిల్లలను ఎన్నడూ మెచ్చుకునే రకం కాదు. మంచి మాట చెప్పడం ఆయనకు చేతకాదు. ఊరు తిడితే ఊరి మీదికి లేవడం మాత్రం వచ్చు. పిల్లలకు ఆయన అభిమానం తెలిసేది ఆ ఒక్క దారిలోనే. ఆ దారిని అభిమానులు ప్రేమతో మూసేశారు. అయితే ఇదంతా నేను ఒకే ఒక్క కిటికీలో, ఒకే ఒక్కసారి చూసినదాని మీద కట్టిన లెక్క. ఒక్క మ్యాచ్‌ను బట్టి ఆటగాణ్ణే ఎంపిక చేయరు, ఒక మనిషి బతుకు మీద నివేదిక ఎలా రాసేది?

పులివెందుల మ్యాచ్ సీజనులో ఆఖరిది. ముందు రోజు టీ కొట్టు దగ్గరికి వెళ్లి, రేపు విరామంలో అందరూ కిటికీ దగ్గరికి రండి, మునుపటిలాగే ఉండండి అని చెప్పాను. పెద్ద రగడ అయింది. మేనేజరే ఇలా చెబితే ఎలాగని చెన్నకేశవ నన్నే కోప్పడ్డాడు. పులివెందుల పోయే బస్సులో కూడా ముద్దనూరు దాటేదాకా వాదించుకున్నారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చామని మౌలా నాకు చెప్పాడు. ఏం ఒప్పందమో నేను అడగలేదు.

విరామానికి మేము రెండు గోల్స్ వెనకబడ్డాం. కిటికీ రెక్కలు నేనే స్వయంగా తీశాను. ఊచల అవతల మౌలా, చెన్నకేశవ, మిగతావాళ్లు వరసగా నిలబడ్డారు. ఓబులేసు వాళ్లను చూసి సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాడు. ఆయన కళ్లలో వెలుగు వచ్చింది.

మౌలా గొంతు సవరించుకున్నాడు. "బాగా ఆడ్తాండారు నాయనా. గెలుపోటములు ఉండేటివే. భయపడాకండి."

"నాగేంద్రా, నీ ఆట శానా బాగుండాది," అని చెన్నకేశవ అందుకున్నాడు.

అదీ వాళ్ల ఒప్పందం. కిటికీ దగ్గరికి రావాలి, కానీ మోరేల్ పెంచే మాటలే అనాలి. మౌలా లాంటి మనిషి నోటి నుంచి ఆ మాటలు విని పిల్లలు బిత్తరపోయారు. తాము ఇంత ఘోరంగా ఆడుతున్నామా అన్నట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓబులేసు సుద్దముక్కను బల్ల మీద పెట్టేశాడు. ఎదిరించడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. మేము ఇంకో గోలు ఇచ్చి చిత్తుగా ఓడిపోయాం. బస్సు దగ్గర మౌలా కళ్లు తుడుచుకుంటూ, ఇంక ఏం చేయల్ల సార్ మేము అని అడిగాడు. ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఎక్కు, పోదాం అన్నాను.

నివేదికలో ఓబులేసును కొనసాగించాలని రాశాను. క్షీణతకు కారణాలు అన్న గడిలో, విరామ సమయంలో కిటికీలు మూసి ఉంచడం వల్ల అని రాశాను. వేరేలా రాయడం నాకు రాలేదు. సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, కారణం రాయమంటే కిటికీల గురించి రాసినారేంది సార్, రిటైర్‌మెంటు దగ్గరపడిందనా అని నవ్వాడు. వివరించబోయాను. చెప్పేకొద్దీ నాకే నమ్మశక్యంగా లేదు. నెల తిరక్కుండానే కొత్త కోచ్ వచ్చాడు. ఓబులేసు ఈలను, బంతుల సంచిని అతనికి అప్పగించి, అంగట్లోనే సాయంత్రాలు కూడా ఉండటం మొదలుపెట్టాడు.

తర్వాతి సీజనుకు నేను విశ్రాంత ఉద్యోగిని. జమ్మలమడుగులో ప్రొద్దుటూరు మ్యాచ్ ఉందంటే మామూలు ప్రేక్షకుడిగా వెళ్లాను. కొత్త కోచ్ కుర్రవాడు, చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. విరామంలో తరగతి గదిలో తెల్ల కాగితాల మీద రంగు పెన్నులతో ఆట వివరిస్తున్నాడు. జట్టు ఓడిపోతూ ఉంది. పిల్లలు తలలు వంచుకుని వింటున్నారు. మౌలా, చెన్నకేశవ దూరంగా వేపచెట్టు కింద బుద్ధిగా నిలబడి ఉన్నారు. రెక్క లేని ఆ కిటికీ దగ్గర మాత్రం ఒక మనిషి ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఓబులేసు.

"ఒరే నాగేంద్రా! ఏందిరా ఆ ఆట? కాళ్లా అవి, రోకళ్లా? నీకు నేర్పించినోడు ఎవడోగానీ వాన్ని చెప్పుతో కొట్టల్ల!"

పిల్లలంతా ఉలిక్కిపడి చూశారు. ఆయన నోట అలాంటి మాట వాళ్లు జన్మలో విని ఉండరు. కొత్త కోచ్ చేతిలోని కాగితాలు బెంచీ మీద పడేసి కిటికీ దగ్గరికి వచ్చాడు. అతనికి ఓబులేసు ఎవరో తెలుసు. కోపంలో అది మరిచిపోయాడో, లెక్కచేయలేదో.

"మీరెవరండీ మా పిల్లల్ని అనడానికి? ఓడినా గెలిచినా వీళ్లు నా పిల్లలు. వెళ్లండి ఇక్కణ్ణుంచి!"

ఓబులేసు ఊచలు వదిలి వసారా వెంబడి నడిచి వచ్చేశాడు. లోపల నాగేంద్ర లేచి బూటు లేసు బిగించుకోవడం నాకు కనిపించింది.

మెట్ల దగ్గర ఆయన్ను ఆపాను. కావాలనే అలా అన్నావా ఓబులేసూ అని అడిగాను. "కావాలని అనేదేంది సార్, కోపమొచ్చింది, అన్నా," అని, కళ్లు ఒత్తుకుని, ఆట చూడకుండానే బస్టాండు వైపు వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. ఆటగాళ్లకు తమ పక్షాన ఒకడున్నాడని తెలియాలంటే, ఆ ఒకడు ఎవరినో ఒకరిని ఎదిరిస్తూ కనబడాలి. కోచ్‌ను నియమించవచ్చు, మార్చవచ్చు. కిటికీ అవతల తిట్టి, తిరిగి తిట్లు తినడానికి నిలబడే మనిషిని ఎవరూ నియమించలేరు. ఆ రోజు ప్రొద్దుటూరు గెలిచింది. విజయానికి కారణాలు అన్న గడిలో ఆ జట్టు కొత్త మేనేజర్ ఏం రాశాడో నేను అడగలేదు.